రెండు పందులు, ఏడేళ్లు

నా పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం నా ఒంటి మీద రెండు పుట్టుమచ్చలున్నాయి. ఒకటి కుడి బుగ్గ మీద. అది నిజమే, అద్దంలో రోజూ కనిపిస్తుంది. రెండోది ఎడమ మోచేతి మీద. అది లేదు. ఫారాలు నింపే రోజున క్లాసంతటినీ వరండాలో వరస కట్టించి, గుమాస్తాగారు ఒక్కొక్కణ్నీ చొక్కా చేతులు పైకి మడవమన్నారు. నా దగ్గరికొచ్చేసరికి ఎంత వెతికినా ఒకటే దొరికింది. నా వెనకాల ఇంకా నలభై మంది ఉన్నారు, బయట భోజనం బెల్లు కొట్టేస్తున్నారు. ఆయన ఒక్క క్షణం ఆగి, మోచేతి మీద ఒకటి రాసి పడేసి, "ఎవడొచ్చి చూస్తాడ్రా, పో" అన్నారు. ఆ లేని మచ్చతోనే నేను ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, సముద్రం దాటాను.

ఈ మచ్చ సంగతి మళ్లీ గుర్తొచ్చింది పోయినేడాది, టాస్మానియా వాళ్లు స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పాత ఖైదీల రిజిస్టర్లు తిరగేస్తున్నప్పుడు. ఓడ దిగిన ప్రతివాడికీ ఒక వర్ణన పట్టీ ఉంటుంది. వృత్తి, చెప్పులు లేకుండా ఎత్తు, వయసు, ఒంటి రంగు, తల ఆకారం, జుట్టు, చెంపల గడ్డం, ముఖం, నుదురు, కనుబొమలు, కళ్లు, ముక్కు, నోరు, చుబుకం, పుట్టిన చోటు. చివర్లో 'గుర్తులు' అని ఒక గడి. పచ్చబొట్టు ఉంటే ఏ చేతి మీద, ఏ అక్షరాలు అన్నది కూడా అందులోనే. చదువుతుంటే ఈ గుమాస్తాల శ్రద్ధకి ముచ్చటేస్తుంది. కాసేపటికి అర్థమవుతుంది, ఇదంతా మనిషి పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నదని. దానికి పనికిరాని సంగతి ఒక్కటీ అందులో ఉండదు.

నేను వెతుకుతున్నది జాన్ కెల్లీ అనే ఐరిష్ కుర్రాణ్ని. 'రెడ్' అనేది వాడుక పేరు. 1820లో టిప్పరరీ కౌంటీలో, మోయ్‌గ్లాస్ దగ్గర క్లోన్‌బ్రోగన్‌లో పుట్టాడు. రెండు పందుల్ని దొంగిలించినందుకు 1841లో ఏడేళ్ల శిక్ష వేసి, భూగోళానికి అవతలి వైపుకి పంపించారు. ఇలాంటివాళ్లు వేలమంది ఉండగా ఈయనే ఎందుకంటే, ఈయన కొడుకు నెడ్ కెల్లీ. ఆస్ట్రేలియాలో బడిపిల్లలకి కూడా తెలిసిన బందిపోటు. నాగళ్ల ఇనుప రెక్కలు సాగగొట్టించి కవచం చేసుకుని, 1880 జూన్‌లో గ్లెన్‌రోవన్ అనే ఊళ్లో పోలీసుల తుపాకుల ముందుకి నడిచొచ్చినవాడు. ఆ నవంబరు 11న మెల్‌బోర్న్ జైల్లో ఉరి తీశారు. వాడి కవచం మెల్‌బోర్న్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది, వెళ్లి చూడొచ్చు. కొడుకు మీద రాసిన పుస్తకాలు అలమారాలు నింపుతాయి. తండ్రికి వాటిలో మొదటి అధ్యాయంలో రెండు మూడు పేజీలు దక్కుతాయి, అదీ కొడుకు పుట్టేదాకా.

ఇంకో కారణం మా ఇల్లు. మేముండేది మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, క్రేగీబర్న్ దాటాక. ఇక్కడ ఏ వీధిలోకి పోయినా రెండు గుమ్మాలకైనా ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు కనిపిస్తాయి. కరెంటు పొయ్యి మీద పాలు పొంగించి గృహప్రవేశాలు చేసుకున్నవాళ్లం. హ్యూమ్ ఫ్రీవే ఎక్కి ఇంకాస్త పైకి పోతే బెవరిడ్జ్. ఇప్పుడు అక్కడా ప్లాట్లు వేస్తున్నారు, మనవాళ్లు బుకింగులు చేస్తున్నారు. ఆ బెవరిడ్జ్‌లో కెల్లీ వీధి అని ఒకటుంది. ఆ వీధిలో రెడ్ కెల్లీ 1859 ప్రాంతంలో తన చేతులతో కట్టుకున్న ఇల్లు ఇంకా ఉంది. చెక్క గోడలు, రాతి పొగగొట్టం. మేం కంచె బయటినుంచే చూశాం.

మేం అంటే నేనూ, మా మామగారూ. ఆయన తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది, ఇంట్లో తోచడం లేదు. తాలూకా ఆఫీసులో చేరి మండలాఫీసులో రిటైరైన మనిషి. కంచె పట్టుకుని కాసేపు చూసి, "ఏంటల్లుడుగారూ, కంగారూలు చూపిస్తానని ఈ కొట్టం దగ్గరికి తీసుకొచ్చారు?" అన్నారు.

"ఒక దొంగ ఇల్లు మావయ్యగారూ."

"ఏం దొంగిలించాడు?"

"రెండు పందుల్ని."

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వు ఆగాక, "దానికి ద్వీపాంతరమా!" అన్నారు.

ఆ మాట నేను విని ఎన్నేళ్లయిందో. ద్వీపాంతరవాస శిక్ష. మన పెద్దవాళ్లకి అదంటే అండమాన్. ఇంగ్లీషులో ట్రాన్స్‌పోర్టేషన్ అంటారు. ఆ మాటలో ఉన్నది మోసుకుపోవడమే, సరుకుని బండికెత్తినట్టు. మన మాటలో దీవి ఉంది, వాసం ఉంది. పోవడం కాదు, అక్కడ ఉండిపోవడం. కెల్లీ విషయంలో మన మాటే సరైనది. పంపించిన చోటు నిజంగానే ఒక దీవి, వాన్ డీమెన్స్ లాండ్, నేటి టాస్మానియా. పోయినవాడు తిరిగి రాలేదు. ఏడేళ్లు నిండితే విడుదల చీటీ ఇచ్చేవారు గానీ ఇంటికి పోవడానికి ఓడ ఛార్జీ ఇచ్చేవారు కాదు. ఏడేళ్ల శిక్ష అని తీర్పులో రాస్తారు, పేదవాడికి అది యావజ్జీవం. తీర్పు చదివిన జడ్జికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను.

ఇక పందుల దగ్గరికి వద్దాం. ఈ వ్యాసం మొదలుపెట్టిందే వాటికోసం.

రెడ్ కెల్లీ ఎందుకు పోయాడు అన్నదానికి చాలాకాలం పందుల మాట పైకి రాలేదు. తిరనాళ్లలో రెండు వర్గాలు కర్రలతో కొట్టుకుంటే అందులో ఇరుక్కున్నాడని ఒకరు, భూస్వామి మీద కాల్పులు జరిపాడని ఇంకొకరు. నెడ్ కెల్లీ అభిమానులకి ఈ కథలు కావాలి. కొడుకు పోలీసుల మీద తిరగబడ్డాడు కదా, తండ్రి తెల్లదొరల మీద తిరగబడినవాడైతే వంశానికి ఒక వరస వస్తుంది. ఐర్లండ్ నుంచి అలా పోయినవాళ్లు లేక కాదు. 1798 తిరుగుబాటు తర్వాత ఓడలకెక్కించినవాళ్లున్నారు, 1848 తిరుగుబాటు నాయకులున్నారు, 1868 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో దిగిన చివరి ఖైదీల ఓడ హూగమోంట్‌లో అరవై మందికి పైగా ఫీనియన్లు, అంటే ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన రహస్య సంఘం వాళ్లు, ఉన్నారు. వీళ్లలో చదువుకున్నవాళ్లు డైరీలు రాసుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు, కొందరు అమెరికా పారిపోయి పత్రికలే నడిపారు. ఐరిష్ ఖైదీ అనగానే కళ్లముందు వాళ్లే మెదలడానికి కారణం అదే. చేతిలో కలం ఉంది. కానీ ఐర్లండ్ నుంచి నేరుగా ఓడలెక్కిన దాదాపు 40,000 మందిలో ఎక్కువమంది ఆవునో, గొర్రెనో, బట్టముక్కనో, కోటునో దొంగిలించినవాళ్లు. రికార్డులు విప్పి చూస్తే కెల్లీ కూడా ఆ వరసలోనే తేలాడు. రెండు పందులు.

నా వాదన ఇది. ఆయన్ని పందుల దొంగగానే ఉండనివ్వాలి.

ఎందుకంటే, ముందు ఆ పందులకొక యజమాని ఉన్నాడు. పేరు జేమ్స్ కూనీ. పేరుని బట్టి చూస్తే అతనూ ఐరిష్ మనిషే, లండన్‌లో కూర్చుని శిస్తు తినే దొర కాదు. ఆనాటి ఐర్లండ్ పల్లెల్లో పందికి ఒక ముద్దుపేరుండేది, 'శిస్తు కట్టే పెద్దమనిషి' అని. కౌలురైతు కుటుంబం బంగాళదుంపలు తిని, తొక్కలూ మిగులూ పందికి పెట్టి, గడువు నాటికి దాన్ని సంతలో అమ్మి భూస్వామికి కట్టేది. పందిని ఇంటివాళ్లు తినడం తక్కువ. మన పల్లెల్లో పాడిగేదె పోతే ఇల్లు ఎలా కుదేలవుతుందో చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అలాంటి దేశంలో ఒకరి పందుల్ని తోలుకుపోవడమంటే దొర ఖజానాకి కన్నం వెయ్యడం కాదు, సాటివాడి శిస్తు డబ్బుకి కన్నం వెయ్యడం. కెల్లీని వీరుణ్ని చెయ్యాలంటే కూనీని కథలోంచి నెట్టెయ్యాలి. అలాగే నెట్టేశారు కూడా.

ఇంకో సంగతి, నాకు ఇదే ముఖ్యం. వీరుడయితేనే జాలిపడతాం అనే బేరం నాకు నచ్చదు. ఇరవై ఏళ్ల కుర్రాడు పందుల్ని దొంగిలించాడు. తప్పే. దానికి వాణ్ని తల్లి మళ్లీ చూడకుండా భూగోళం అడుగుకి పంపడం ఘోరం. శిక్ష అన్యాయమని చెప్పడానికి వాడి చేత భూస్వామి మీద తుపాకి పేల్పించక్కర్లేదు. మనం ఆ తుపాకిని తెచ్చి వాడి చేతిలో పెట్టామంటే, ఒట్టి దొంగకైతే ఆ శిక్ష సరిపోయిందని లోలోపల ఒప్పుకున్నట్టే.

ఓడ సంగతి ఎక్కువ చెప్పను, ఖైదీల ఓడల మీద కన్నీళ్లు ఇప్పటికే చాలామంది కార్చారు. కెల్లీ ఎక్కిన ఓడ ప్రిన్స్ రీజెంట్ 1841 ఆగస్టులో డబ్లిన్‌లో లంగరెత్తి 1842 జనవరి 2న టాస్మానియాలోని హోబర్ట్ చేరింది. దాదాపు అయిదు నెలలు. ఆ నాటికి ఈ ప్రయాణాలు నలిగిపోయిన దారి. 1790లో ఆస్ట్రేలియాకి ఖైదీల్ని తెచ్చిన రెండో విడత ఓడల్లో నలుగురిలో ఒకరు చచ్చిపోయాక ప్రభుత్వానికి సిగ్గేసి, తర్వాత తర్వాత ఓడకొక డాక్టర్ని పెట్టి, ఎంతమందిని బతికించి దింపాడో చూసే పద్ధతి తెచ్చింది. 1840లకొచ్చేసరికి ఖైదీల ఓడలో చావులు బాగా తక్కువ. అదే 1847లో ఐర్లండ్‌లో కరువుకి తాళలేక పారిపోయి సొంత డబ్బుతో కెనడా ఓడలెక్కిన ఐరిష్ వాళ్లలో 5,000 మందికి పైగా క్వెబెక్ దగ్గర గ్రోస్ ఐల్ అనే ఒక్క దీవిలోనే పాతిపెట్టబడ్డారు. దొంగకి డాక్టర్నిచ్చిన రాజ్యం, దొంగతనం చెయ్యనివాణ్ని ఓడ యజమానికి వదిలేసింది.

హోబర్ట్‌లో దిగాక జరిగేది మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పాలి. గుమాస్తా బల్ల ముందు ఒక్కొక్కర్నీ నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. ఊరు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, చదవడం వచ్చా, రాయడం వచ్చా. తర్వాత, నువ్వేం చేశావో నువ్వే చెప్పు. జైలు కాగితాలు ఓడలో ముందే వచ్చి బల్ల మీద ఉంటాయి. అబద్ధమాడితే తెలిసిపోతుందని ఖైదీకి తెలుసు. అందుకే చాలామంది ఉన్నదున్నట్టు చెప్పేవారు, కోర్టులో చెప్పని పాత నేరాలు కూడా కొందరు చెప్పేసేవారు. దాన్ని గుమాస్తా ఒకటి రెండు ముక్కల్లో రాసుకునేవాడు. ఈ ఖైదీల రికార్డుల్లో ఎక్కడైనా ఆ మనిషి సొంత గొంతు వినిపిస్తుందంటే ఇక్కడే, ఈ ఒక్క గడిలో. అది కూడా నేరం గురించి. ఇంకేదైనా చెప్పుకోవాలనుకున్నా రాయడానికి గడి లేదు.

ఇదంతా ఇంట్లో లాప్‌టాప్ మీద మా మామగారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, స్క్రీను దగ్గరికి జరిగి, ఒక పేజీని పావుగంట చూశారు. ఇంగ్లీషు గొలుసుకట్టు రాత ఆయనకి నాకంటే బాగా అర్థమైంది. పాత దస్తావేజులు అలాంటి రాతలోనే ఉంటాయట. అడంగల్ చూసిన చేతులు కదా, మొదట గడుల శీర్షికలే చదివారు.

"వీడు మళ్లీ తప్పు చేస్తే రాయడానికి కింద జాగా వదిలారు చూడండి," అన్నారు.

నిజమే. ప్రవర్తన రికార్డు అనే ఆ పేజీలో పైన నేరం, శిక్ష రాసి, కింద సగం పైగా ఖాళీ వదిలేవారు. తాగి దొరికితే, పని మానేస్తే, ఎదురు మాట్లాడితే తేదీ వేసి అందులో ఎక్కించాలి. కొందరి పేజీలు కిక్కిరిసి, అక్షరాలు అంచులెక్కి, పక్క పేజీలోకి పొర్లిపోయాయి. కొందరివి దాదాపు ఖాళీ.

"అయితే ఖాళీగా ఉన్నవాడు మంచివాడన్నమాట," అన్నాను.

"అంతేం కాదు, దొరకలేదన్నమాట," అని నవ్వి, కాసేపాగి ఆయనే అన్నారు, "మా ఆఫీసులోనూ అంతే అల్లుడుగారూ. గొడవ లేనివాడికి ఫైలుండదు. అన్నదమ్ములు కొట్టుకున్న పొలానికి ఇంత కట్ట ఉంటుంది. హాయిగా దున్నుకున్నవాడిది ఒక్క లైను."

నేను నెలల తరబడి కిందా మీదా పడుతున్న విషయాన్ని ఆయన టీ చల్లారేలోపు తేల్చేశారు.

కాగితం లేకపోతే బాగుండేదని కాదు. ఐర్లండ్ నుంచి నేరుగా వచ్చిన మొదటి ఖైదీల ఓడ పేరు క్వీన్, 1791లో సిడ్నీ చేరింది. ఖైదీలొచ్చారు, వాళ్ల శిక్షల పట్టీ రాలేదు. ఎవడికి ఏడేళ్లో, ఎవడికి యావజ్జీవమో చెప్పే ఆధారం లేదు. నా గడువు అయిపోయిందయ్యా అని ఖైదీ మొత్తుకుంటే, ఏదీ కాగితం అంటారు. కాగితం తేవలసింది వాళ్లే. ఈ తంతు మనకి కొత్త కాదు, బతికున్నానని ఏటా సర్టిఫికెట్ ఇచ్చుకునే పెన్షనర్లున్న దేశం మనది. ఐర్లండ్‌లోనే చూస్తే, అంతర్యుద్ధంలో 1922 జూన్ చివర్న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో రికార్డుల భవనం పేలి, శతాబ్దాల కాగితాలు ఆ నగరం మీద బూడిదై రాలాయి. ద్వీపాంతరం పంపినవాళ్ల రిజిస్టర్లలో మిగిలినవి 1836 నుంచే. కెల్లీకి శిక్ష పడింది 1841లో కాబట్టి దొరికాడు. 1988లో ఐరిష్ ప్రభుత్వం ఆ మిగిలిన రికార్డుల ఫిల్ములని ఆస్ట్రేలియాకి ద్విశతాబ్ది కానుకగా ఇచ్చింది. అంతకుముందు వందేళ్ల పాటు ఏ కుటుంబమైనా తాత ఖైదీ అన్న సంగతి పిల్లలకి తెలియకుండా దాచేది. ఆ మచ్చ పోగొట్టుకోవడానికి దీవి పేరే 1856లో టాస్మానియాగా మార్చుకున్నారు. ఇప్పుడు తలకిందులైంది. మా ఆఫీసులో ఒకాయన తన ముత్తాతకి ముత్తాత గొర్రెల దొంగ అని మొదటి పరిచయంలోనే చెప్పాడు, మనవాళ్లు జమీందారీ వంశమని చెప్పుకున్నట్టు.

ఆయన అంత హాయిగా చెప్పుకోవడం చూసి ముచ్చటపడ్డాను. ఆ రాత్రి మాత్రం స్టూవర్టుపురం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అదే సామ్రాజ్యం, అవే గడుల కాగితాలు. 1871 నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో కూడా అమలుచేసి, ఎరుకల కుటుంబాలని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో సెటిల్మెంటు పెట్టారు. పేర్లు రిజిస్టరులో, వేలిముద్రలు, ఊరు దాటాలంటే చీటీ. పందులు పెంచుకుని, బుట్టలల్లుకుని బతికిన కులం. కెల్లీ ఒక దొంగతనం చేశాక దొంగయ్యాడు, ఏడేళ్లకి ఆ పేజీ మూశారు. వీళ్లు పుట్టగానే దొంగలు, పేజీ మూసే తేదీ లేదు. చట్టాన్ని 1952లో తీసేసినా మన సినిమాలు, మన సామెతలు, మన ఎస్సైలు ఇంకా తియ్యలేదు. గొర్రెల దొంగ మనవణ్నని మా ఆఫీసాయన కాఫీ తాగుతూ చెప్పగలడు. హైదరాబాదు ఆఫీసులో కుర్రాడొకడు మాది స్టూవర్టుపురం అని అంత తేలిగ్గా చెప్పగలడా? ఐరిష్ దొంగ మీద ఇంత ప్రేమ కురిపిస్తున్న నేను, అలా చెబితే మనసులో ఏమనుకునేవాణ్నో కూడా నాకు తెలుసు. రాయను.

కెల్లీ సంగతికి వస్తాను. మొదట్లో ముఠాపని, తర్వాత కూలిపని, 1845లో టికెట్ ఆఫ్ లీవ్, అంటే తనకి తాను పని వెతుక్కోవచ్చు గానీ దీవి దాటకూడదు. 1848 జనవరిలో విడుదల. ఈ మధ్యలో, 1845లో, ఐర్లండ్‌లో బంగాళదుంప కుళ్లింది. ఏడేళ్లలో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం వదిలారు. టిప్పరరీ నలిగిపోయిన జిల్లాల్లో ఒకటి. వాన్ డీమెన్స్ లాండ్‌లో ఖైదీకి గోధుమ రొట్టె, మాంసం లెక్కప్రకారం పెడుతున్న సంవత్సరాల్లో ఇంటి దగ్గర జనం గడ్డి తిన్నారు. జైలుకి పోతే తిండి దొరుకుతుందని, ఓడెక్కిస్తారని కావాలనే నేరాలు చేసినవాళ్లు ఆ కరువులో ఉన్నారు. పందుల్ని దొంగిలించకపోయి ఉంటే కెల్లీ బతికుండేవాడా అంటే చెప్పలేం. జడ్జి మాత్రం మేలు చెయ్యాలని ఆ పని చెయ్యలేదు.

విడుదలయ్యాక జలసంధి దాటి ఇటు, మెల్‌బోర్న్ వైపు వచ్చాడు. వాలన్‌లో జేమ్స్ క్విన్ అనే ఐరిష్ రైతు దగ్గర వడ్రంగం పనికి కుదిరాడు. ఈ క్విన్ కుటుంబం ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ నుంచి వచ్చింది, అదీ 1841లోనే, ప్రభుత్వ సాయంతోనే. కొత్త దేశానికి కూలీలు కావాలని ఛార్జీ పెట్టి తెచ్చారు. ఒకే ఏడు, ఒకే సముద్రం. ఒకరు వలసదారులు, ఒకరు ఖైదీ. పనిలో పెట్టుకున్న ఖైదీతో క్విన్ గారి అమ్మాయి ఎలెన్ లేచిపోయింది. ఆమెకి పద్దెనిమిది, ఆయనకి ముప్పై. 1850 నవంబరు 18న మెల్‌బోర్న్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పెళ్లి చేసుకున్నారు. ఆ చర్చి ఇప్పటికీ లాన్స్‌డేల్ వీధిలో ఉంది, నేను రోజూ దాని ముందునుంచే ట్రామ్ దగ్గరికి నడుస్తాను. వాన్ డీమెన్స్ లాండ్ నుంచి వచ్చేవాళ్లని అడ్డుకోవడానికి మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా వలసరాజ్యం 1852లో చట్టమే చేసింది. రెడ్ అప్పటికే ఇటు చేరిపోయాడు. బంగారం తవ్వి, ఆ డబ్బుతో బెవరిడ్జ్‌లో చిన్న పొలం కొన్నాడు. టిప్పరరీలో వాళ్ల వంశంలో ఎవరికీ అందని మాట అది, సొంత భూమి. ఆ భూమి ఎవరి దగ్గర్నుంచి లాక్కున్నదో ఆయన అడిగి ఉండడు. ప్లాటు కొన్నప్పుడు నేనూ అడగలేదు. మా కాలనీ మొదట్లో వురుంజెరీ ప్రజల పేరు రాసిన చిన్న బోర్డొకటి ఉంది, దాని పక్కన బిల్డరు బోర్డు దానికి పదింతలు.

పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టాడు, తమ్ముడు జేమ్స్ కూడా ఈ దేశమే వచ్చి చేరాడు. 1848 నుంచి 1865 దాకా పదిహేడేళ్లు శిక్షల పుస్తకాలకి రెడ్ కెల్లీ పెద్దగా పని పెట్టలేదు. మా మామగారి లెక్కలో ఒక్క లైను. నెడ్ ఎప్పుడు పుట్టాడో చెప్పే కాగితమే దొరకలేదు. 1854 డిసెంబరు అని కొందరు, 1855 అని కొందరు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. చరిత్రకారులకి ఈ పదిహేడేళ్లు ఖాళీ. నాకు అక్కడే ఆయన కనిపిస్తాడు. బోదెలు చెక్కుతూ, పొగగొట్టానికి రాళ్లు పేరుస్తూ, అప్పులు చేస్తూ, తాగుతూ, అసలు మనిషి పిల్లలతో బతికినట్టు బతికిన కాలం అదొక్కటే. ఆయన్ని వెతకడం అని నేను పేరు పెట్టుకున్న పని నిజానికి ఆయన దొరికిపోయిన రోజుల్ని వెతకడం. దొరకని రోజులే ఎక్కువ.

1864లో అవెనెల్ అనే ఊరికి మారారు. ఇంకా ఉత్తరాన, హ్యూస్ క్రీక్ అనే వాగు ఒడ్డున. ఆరు కమానుల రాతివంతెన ఇప్పటికీ ఉంది. ఆ వాగులోనే నెడ్ ఒక చిన్నపిల్లాణ్ని మునిగిపోకుండా కాపాడితే, పిల్లాడి తల్లిదండ్రులు ఆకుపచ్చ పట్టు దట్టీ ఇచ్చారు. గ్లెన్‌రోవన్‌లో కాల్పులనాడు కవచం కింద అది ఉంది. ఇది అందరూ చెప్పే కథ. అదే 1865లో జరిగిన ఇంకోటి తక్కువ చెబుతారు. పక్కవాడి దూడ తోలు ఒకటి కెల్లీ ఇంట్లో దొరికింది. దొంగతనం రుజువు కాలేదు గానీ తోలు ఉన్నందుకు 25 పౌండ్ల జరిమానా, కట్టకపోతే ఆరు నెలలు కఠిన శిక్ష అన్నారు. కట్టలేకపోయాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత మళ్లీ పశువు, మళ్లీ గడి నిండింది. బయటికొచ్చాక ఇంకా తాగాడు, 1866 డిసెంబరులో తాగి గొడవ చేసినందుకు ఇంకో జరిమానా. క్రిస్మస్ పోయిన రెండో రోజున, డిసెంబరు 27న చనిపోయాడు. ఒళ్లంతా నీరు పట్టి పోయాడు.

ఆ వేసవిలో మేం అవెనెల్ వెళ్లిన రోజు నలభై డిగ్రీలు. మామగారు వంతెన నీడన కూర్చుని మజ్జిగ సీసా ఖాళీ చేస్తూ, ఆఖరి కాగితం ఏమిటని అడిగారు. మరణ ధ్రువపత్రమని చెప్పాను. విక్టోరియాలో ఆనాటి మరణాల రిజిస్టరు చాలా వివరంగా ఉండేది. పోయినవాడు ఎక్కడ పుట్టాడు, తల్లిదండ్రుల పేర్లు, ఈ దేశం వచ్చి ఎన్నేళ్లయింది, పెళ్లి ఎక్కడ, ఎవరితో, పిల్లలెందరు, వరసగా పేర్లు, వయసులు. అన్నీ చెప్పి సంతకం పెట్టడానికి ఇంటివాళ్లు ఒకరు వెళ్లాలి.

"ఎవరెళ్లారు? భార్యా?"

"పెద్దకొడుకు. నెడ్. పదకొండో పన్నెండో ఏళ్లుంటాయి."

ఆయన సీసా మూత బిగిస్తూ ఆగిపోయారు. "నేర ప్రస్తావన రాశారా అందులో?"

"ఆ ఫారంలో దానికి గడి లేదు మావయ్యగారూ."